సబ్‌స్క్రైబర్లు పెరిగేకొద్దీ పబ్లిష్ ఎందుకు నెమ్మదిస్తోంది? (పాల కేంద్రాల డేటా, రెడిస్)

పాలక్యాన్_తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను, టీమంతా కలిపి నలుగురం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో దాదాపు 600 పాల కేంద్రాల డేటా మా సర్వర్‌కి వస్తుంది. రైతు క్యాన్ తెచ్చి కాటా మీద పెట్టగానే బరువు, శాంపిల్ మెషిన్‌లో పెట్టగానే ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం), బల్క్ కూలర్ నుంచి పాల టెంపరేచర్, అన్నీ చిన్న మెసేజ్‌లే, ఒక్కోటి 300 బైట్లు ఉంటుంది. సర్వర్‌లో ఒక సర్వీసు వీటిని తీసుకుని రెడిస్‌లో (డేటాని మెమరీలో ఉంచి, మెసేజ్‌లు పంచే సాఫ్ట్‌వేర్) పబ్లిష్ చేస్తుంది, అంటే ఒక ఛానెల్‌లో వేస్తుంది. ఎస్‌ఎంఎస్ పంపేది, డేటాబేస్‌లో రాసేది, కూలర్ వేడెక్కితే అలారం కొట్టేది, ట్యాంకర్ రూట్ చూసేది, రిపోర్టులు తీసేది, సూపర్‌వైజర్ల డ్యాష్‌బోర్డు, ఇలా ఎవరికి కావాలంటే వాళ్లు సబ్‌స్క్రైబ్ చేసుకుంటారు, అంటే ఆ ఛానెల్ మెసేజ్‌లు తమకి వచ్చేలా పెట్టుకుంటారు. ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేదు.

రెండు నెలలుగా పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య అంతా నెమ్మదిస్తోంది. బరువు, ఫ్యాట్ సర్వర్‌కి చేరి, పబ్లిష్ అయిందని జవాబు వచ్చాకే కేంద్రంలో స్లిప్ ప్రింట్ అయ్యేలా రాశాం. పోయిన వారం పుత్తూరు వైపు ఒక కేంద్రానికి నేనే వెళ్లి నిలబడి చూశాను. ఒకావిడ పాలు పోసింది, బరువు కనిపించింది, ఫ్యాట్ కనిపించింది, స్లిప్ మాత్రం రాలేదు. ఖాళీ క్యాన్ చంకన పెట్టుకుని ప్రింటర్ వైపే చూస్తోంది, వెనకాల ఇరవై మంది. "ఎంతసేపు నాయనా, బస్సు పోతుంది" అంది. నాకు జవాబు తోచలేదు. ఫోన్‌లో టైమ్ చూశాను, స్లిప్ రావడానికి 11 సెకన్లు పట్టింది.

ఆఫీసుకొచ్చి లోడ్ టెస్ట్ పెట్టాను. సర్వర్‌లో 4 కోర్లు, 8 జీబీ ర్యామ్. సబ్‌స్క్రైబర్ ఒక్కరే ఉంటే సెకనుకి 83 వేల మెసేజ్‌లు పబ్లిష్ అవుతున్నాయి. 5 మంది ఉంటే 36 వేలు. 10 మందికి 21 వేలు. 20 మందికి 11,400. 40 మంది ఉంటే 6 వేలే. పొద్దున పీక్‌లో మాకు వచ్చే లోడ్ కూడా సెకనుకి 6 వేల దగ్గరే ఉంటుంది.

నా డౌట్ ఇది. పబ్లిషర్‌కి సబ్‌స్క్రైబర్లు ఎవరో, ఎంతమందో తెలియనక్కర్లేదు, అదే ఈ పద్ధతి గొప్పతనం అని చదువుకున్నాం కదా. ఎవరో కూడా తెలియనివాళ్ల కోసం పబ్లిషర్ ఎందుకు ఆగాల్సి వస్తోంది? పెద్ద సర్వర్ తీసుకుంటే పోతుందా? మా ఓనర్ 16 కోర్లది తీసుకుందామంటున్నారు, నెల ఖర్చు చూస్తే భయమేస్తోంది.

---

లెక్కముందు

తమ్ముడూ, సర్వర్ ఆర్డర్ పెట్టకండి, రెండు నిమిషాలు ఆగండి. మీరిచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది, వాటిని తిరగేసి చూడాలి అంతే.

సెకనుకి ఎన్ని అని కాకుండా, ఒక్క పబ్లిష్‌కి ఎంత టైమ్ పడుతోంది అని చూడండి. 83 వేలంటే ఒక్కోదానికి 12 మైక్రోసెకన్లు. 36 వేలంటే 28. 21 వేలంటే 48 లోపు. 11,400 అంటే 88. 6 వేలంటే 167. ఇప్పుడు తేడాలు తీయండి. ఒకరి నుంచి ఐదుగురికి వెళ్తే నలుగురు పెరిగారు, 16 మైక్రోసెకన్లు పెరిగింది. ఐదు నుంచి పదికి 20 పెరిగింది. పది నుంచి ఇరవైకి 40. ఇరవై నుంచి నలభైకి దాదాపు 80. ఎక్కడ చూసినా మనిషికి 4 మైక్రోసెకన్లు. సబ్‌స్క్రైబర్ ఒక్కరూ లేకపోయినా పట్టేది ఒక 8. అంటే మీ సిస్టమ్ సూత్రం 8 ప్లస్ 4 ఇంటూ సబ్‌స్క్రైబర్ల సంఖ్య. ఇంత శుభ్రంగా గీత మీద కూర్చుంది కాబట్టి ఇది ఏదో ఒక్క సబ్‌స్క్రైబర్ తప్పు కాదు, తలకింత అని పడుతున్న ఖర్చు.

ఆ 4 మైక్రోసెకన్లు ఎక్కడ పోతున్నాయంటే, రెడిస్‌లో పబ్లిష్ అనే కమాండ్ ఆ ఛానెల్‌కి సబ్‌స్క్రైబ్ అయిన ప్రతి క్లయింట్ జాబితాలోంచి ఒక్కొక్కరినీ తీసుకుని, వాళ్ల అవుట్‌పుట్ బఫర్‌లో (పంపాల్సినవి దాచి ఉంచే చోటు) మెసేజ్ కాపీ పెట్టి, తర్వాత వాళ్ల సాకెట్‌లోకి (నెట్‌వర్క్ కనెక్షన్) రాస్తుంది. ఈ పనంతా ఒకే థ్రెడ్ (ఒకసారికి ఒక్క కోర్ మీదే నడిచే పని వరస) చేస్తుంది. 40 మంది ఉంటే 40 సార్లు. మీ సర్వర్‌లో టాప్ కమాండ్ కొట్టి చూడండి, నాలుగు కోర్లలో ఒక్కటి వందకు వంద కాలుతూ మిగతా మూడు ఖాళీగా కూర్చుని ఉంటాయి. 16 కోర్లది తీసుకుంటే ఖాళీగా కూర్చునేవి 15 అవుతాయి.

నెట్‌వర్క్ ఏమో అని ఎవరైనా అంటారు కాబట్టి అది కూడా చూసేద్దాం. 6 వేలు ఇంటూ 40 అంటే సెకనుకి 2,40,000 డెలివరీలు, ఒక్కోటి 300 బైట్లు, మొత్తం 72 మెగాబైట్లు. ఒక గిగాబిట్ లైన్‌లో 125 దాకా పడుతుంది. దగ్గర్లోకొచ్చింది గానీ నిండలేదు. మెసేజ్ సైజు 600 బైట్లు అయ్యుంటే మాత్రం కోర్ కంటే ముందు లైనే నిండేది, అప్పుడు కథ వేరేగా ఉండేది.

ఇక మీ అసలు డౌట్. పబ్లిషర్‌కి తెలియనక్కర్లేదు అన్నది కోడ్ వరకే నిజం. మీ ప్రోగ్రామ్‌లో సబ్‌స్క్రైబర్ల పేర్లు ఉండవు, ఒకరు వచ్చినా పోయినా మీరు లైను మార్చక్కర్లేదు. కానీ కాపీలు ఎవరో ఒకరు తీయాలి కదా. ఆ పని మీ ప్రోగ్రామ్ నుంచి బ్రోకర్‌కి (మధ్యలో ఉండి మెసేజ్‌లు పంచేది, మీ దగ్గర రెడిస్) మారింది, మాయమైపోలేదు. మీ పబ్లిషర్ ఆ బ్రోకర్ జవాబు కోసం ఆగుతోంది కాబట్టి ఖర్చు తిరిగి మీ దగ్గరికే వస్తోంది. ఏ సిస్టమ్ తీసుకున్నా మొదట అడగాల్సింది ఇదే: ప్రతి కొత్త సబ్‌స్క్రైబర్ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది, పబ్లిషర్‌దా, బ్రోకర్ సీపీయూదా, లైన్‌దా, డిస్క్‌దా?

ఇంకో మాట. లోడ్ 6 వేలు, కెపాసిటీ 6 వేలు అంటే సరిపోయింది అనుకోవద్దు. అంచు దాకా నిండిన చోట ఒక్క చిన్న కుదుపు వచ్చినా వెనకాల లైను పేరుకుపోతుంది, మళ్లీ తగ్గడానికి ఖాళీ దొరకదు. 167 మైక్రోసెకన్ల పని 11 సెకన్లు అయింది అందుకే.

ఇప్పుడు నాకు రెండు సంగతులు చెప్పండి. మీరు చెప్పిన సర్వీసులు ఐదో ఆరో. 40 మంది సబ్‌స్క్రైబర్లు ఎక్కడి నుంచి వచ్చారు? 600 కేంద్రాలకి సెకనుకి 6 వేల మెసేజ్‌లు ఎందుకొస్తున్నాయి? పాలు అంత వేగంగా ఎవరూ పోయరు.

---

పాలక్యాన్_తిరుపతి

అక్కా, టాప్ చూశాను. మీరన్నట్టే, ఒక్క కోర్ వంద, మిగతావి నాలుగైదు శాతం దగ్గర ఉన్నాయి. ఓనర్‌కి స్క్రీన్ చూపించి సర్వర్ ఆర్డర్ ఆపించాను.

40 మంది ఎవరో క్లయింట్ లిస్ట్ తీసి చూశాక తెలిసింది. సర్వీసులు ఐదే. మిగతా 35 డ్యాష్‌బోర్డులు. సూపర్‌వైజర్ బ్రౌజర్‌లో డ్యాష్‌బోర్డు తెరిచిన ప్రతిసారీ మా వెబ్ ప్రోగ్రామ్ రెడిస్‌కి కొత్త కనెక్షన్ తెరిచి సబ్‌స్క్రైబ్ చేస్తోంది. రెండు నెలల కిందట సూపర్‌వైజర్లందరికీ లాగిన్ ఇచ్చాం, పొద్దున ఆరింటికి అందరూ ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో తెరిచి పెట్టుకుంటున్నారు. టైమ్ సరిగ్గా సరిపోయింది. పాలు బాగా వచ్చే టైమ్‌కే చూసేవాళ్లు కూడా ఎక్కువ, ఇది నాకు అస్సలు తట్టలేదు.

6 వేల సంగతి: కాటా బరువును సెకనుకి 10 సార్లు పంపుతుంది, క్యాన్ ఊగుతున్నప్పుడు కూడా. మేము వచ్చింది వచ్చినట్టు పబ్లిష్ చేస్తున్నాం.

---

లెక్కముందు

అయితే మందు చాలా చవక.

మొదటిది, వెబ్ ప్రాసెస్‌కి ఒకే ఒక్క సబ్‌స్క్రిప్షన్ ఉంచండి. రెడిస్ నుంచి మెసేజ్ ఒక్కసారి తీసుకుని, తన దగ్గర తెరిచి ఉన్న బ్రౌజర్లకి ఆ ప్రాసెసే పంచాలి. కాపీలు తీసే పని పోలేదు, కానీ రెడిస్‌లోని ఆ ఒక్క థ్రెడ్ మీద నుంచి మీ వెబ్ ప్రాసెస్ మీదకి మారింది, అక్కడ నెమ్మదించినా స్లిప్ ఆగదు. మీకు వెబ్ ప్రాసెస్‌లు రెండు ఉన్నాయనుకుంటే 40 కాస్తా 7 అవుతుంది. 8 ప్లస్ 28, మొత్తం 36 మైక్రోసెకన్లు, సెకనుకి 27 వేల పైన రావాలి. మార్చాక అంకె చెప్పండి, నా సూత్రం తప్పో ఒప్పో తేలుతుంది.

రెండోది, కాటా దగ్గరే బరువు నిలబడ్డాక ఒక్కసారి పంపండి. ఊగుతున్న అంకె ఎవరికీ పనికిరాదు.

మూడోది, పైప్‌లైన్. ఒక్కో పబ్లిష్‌కి జవాబు కోసం ఆగకుండా 50 కలిపి పంపితే, రెడిస్ ఆ విడతలో చదివినవన్నీ చేశాకే సబ్‌స్క్రైబర్ల సాకెట్లలోకి రాస్తుంది. అంటే 50 మెసేజ్‌లకి 50 సార్లు కాకుండా ఒకటి రెండు రాతల్లో పోతాయి. తలకింత అన్న ఖర్చు అక్కడ బాగా తగ్గుతుంది. 2020లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి సాకెట్ రాతలను వేరే థ్రెడ్లకి పంచే సెట్టింగ్ కూడా ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. పై మూడూ చేశాక మీకు దాని అవసరం రాకపోవచ్చు.

ప్యాటర్న్‌తో (ఒక్క ఛానెల్ కాకుండా, ఇలాంటి పేరున్న ఛానెల్స్ అన్నీ అని) సబ్‌స్క్రైబ్ చేసేవి ఏమైనా ఉంటే వాటిని కూడా ఒకసారి చూడండి. మామూలు సబ్‌స్క్రైబర్ తన ఛానెల్‌లో మెసేజ్ వచ్చినప్పుడే భారం. ప్యాటర్న్ అలా కాదు, ఏ ఛానెల్‌లో పబ్లిష్ చేసినా రెడిస్ ఆ ప్యాటర్న్‌ని సరిపోల్చి చూడాల్సిందే, కలవకపోయినా సరే. ఛానెల్‌కి ఒకటి చొప్పున 600 ప్యాటర్న్‌లు పెట్టినవాళ్లను చూశాను, వాళ్లకి సబ్‌స్క్రైబర్లు తక్కువే, అయినా పబ్లిష్ కదల్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, స్లిప్‌ని పబ్లిష్ నుంచి విడదీయండి. పాలు పోసిన మనిషికి కావాల్సింది తన లెక్క ఎక్కడో భద్రంగా చేరిందన్న మాట. డ్యాష్‌బోర్డు ఎంతమంది చూస్తున్నారన్నదానితో ఆవిడ బస్సు ముడిపడి ఉండకూడదు.

---

కాటా_చిత్తూరు

పైన చెప్పింది సబ్‌స్క్రైబర్లు ఎక్కువైతే జరిగేది. సబ్‌స్క్రైబర్ ఒక్కడే అయినా, వాడు నెమ్మదైతే జరిగేది ఇంకోటుంది, దాని దెబ్బ నాకు బాగా తెలుసు.

చిత్తూరు పక్కన ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పనిచేశాను. తోతాపురి సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటాయి. కాటా మీద బండి ఎక్కగానే బరువు రాబిట్‌ఎంక్యూలో (ఇదీ ఒక బ్రోకరే) ఫ్యానౌట్ ఎక్స్‌ఛేంజ్‌కి, అంటే వచ్చినదాన్ని అన్ని క్యూల్లోనూ వేసే చోటుకి, పోతుంది, అక్కడ నుంచి అకౌంట్స్ క్యూ, గోడౌన్ క్యూ, రిపోర్టుల క్యూ, ఇలా ఒక్కొక్కరికి ఒక్కో క్యూ. ఒకరోజు రాత్రి రిపోర్టుల ప్రోగ్రామ్ ఆగిపోయింది. రిపోర్టులే కదా పొద్దున చూద్దాంలే అని వదిలేశాం. ఆ క్యూ నిండుతూ పోయింది. ఆ బ్రోకర్‌కి మామూలుగా ర్యామ్‌లో 40 శాతం హద్దు ఉండేది, అది దాటగానే పబ్లిష్ చేసే కనెక్షన్లన్నిటినీ ఆపేస్తుంది. అన్నిటినీ, ఆ క్యూకి సంబంధం ఉన్నా లేకపోయినా. తెల్లవారుజామున నాలుగింటికి కాటా బరువు తీసుకోవడం మానేసింది. ఎవరూ చదవని రిపోర్టు వల్ల బయట బండ్లు ఆగాయి, పండు ఎండకి మెత్తబడుతోంది, డ్రైవర్లు గేటు మీద పడ్డారు. నేను అక్కడే ఉన్నాను, ఆ రెండు గంటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు నిండితే లైను బయట రోడ్డు మీదికి వస్తుంది చూడండి, అలా. లోపల నెమ్మదిస్తే బయట ఆగాలి. రెడిస్ పబ్‌సబ్‌లో (మీరు వాడుతున్న పబ్లిష్, సబ్‌స్క్రైబ్ పద్ధతి) అలా బయట ఆపడం ఉండదు, వెనకబడ్డ మనిషినే లైన్లోంచి తీసేస్తుంది. రెండిట్లో ఏది మంచిదంటే చెప్పలేం, మీ డేటా ఏంటో దాన్నిబట్టి. కానీ మీ దాంట్లో ఏది జరుగుతుందో మాత్రం ముందే తెలిసి ఉండాలి.

మేము తర్వాత చేసింది చెప్తాను. రిపోర్టుల క్యూకి గరిష్ఠ పొడవు పెట్టాం, నిండితే పాతవి రాలిపోతాయి. అకౌంట్స్ క్యూకి పెట్టలేదు, అది డబ్బు. పబ్లిష్ చేసే కనెక్షన్, చదివే కనెక్షన్ వేరు చేశాం, ఎందుకంటే ఒకే కనెక్షన్ మీద రెండూ ఉంటే పబ్లిష్ ఆగినప్పుడు చదివినవాటికి అక్‌లు (అందింది అన్న జవాబులు) కూడా పోవు, క్యూ ఖాళీ కావాల్సిన టైమ్‌లోనే ఖాళీ కాదు. ప్రీఫెచ్ (అక్ రాకముందే ఒక్కొక్కరికి ఎన్ని పంపొచ్చో అన్న హద్దు) కూడా చూసుకోండి. హద్దు లేకుండా వదిలితే నెమ్మదిగా ఉన్న కన్స్యూమర్ దగ్గర వేలకొద్దీ మెసేజ్‌లు అక్ కాకుండా పడి ఉంటాయి. మరీ 1 పెడితే ప్రతి మెసేజ్‌కీ పోయిరావడానికే టైమంతా పోతుంది.

తమ్ముడూ, మీ డేటాబేస్‌లో రాసే సర్వీసు సెకనుకి ఎన్ని తీసుకోగలదో ఎప్పుడైనా చూశారా? రెడిస్‌లో పబ్‌సబ్ క్లయింట్ అవుట్‌పుట్ బఫర్‌కి మామూలు హద్దు 32 ఎంబీ, అది దాటినా, లేదా 8 ఎంబీ దాటి వరసగా 60 సెకన్లు ఉంటే కూడా కనెక్షన్ తెంపేస్తుంది. మీకు 6 వేలు వస్తుంటే ఆ సర్వీసు 5 వేలే మింగగలిగితే సెకనుకి వెయ్యి మిగులుతాయి, అంటే 0.3 ఎంబీ. 27 సెకన్లలో 8 ఎంబీ దాటుతుంది, ఆపైన 60 సెకన్లు. నిమిషంన్నరకి తెగుతుంది. తెగి మళ్లీ కలిసేలోపు వచ్చినవి పోయినట్టే, పబ్‌సబ్‌లో అవి ఎక్కడా దాచి ఉండవు. రెడిస్ లాగ్ చూడండి.

---

పాలక్యాన్_తిరుపతి

అన్నా, లాగ్ తీశాను. అవుట్‌పుట్ బఫర్ హద్దు దాటినందుకు క్లయింట్‌ని మూసేస్తున్నాం అన్న లైన్లు పొద్దున పూట వరసగా ఉన్నాయి. అన్నీ డేటాబేస్ సర్వీసువే. కొన్ని కేంద్రాల్లో రైతుల లెక్కలో ఒక పూట పాలు ఎక్కలేదని ఫిర్యాదులు వచ్చాయి, మేము సిగ్నల్ సమస్య అనుకున్నాం. బిల్లు పదిహేను రోజులకోసారి వేస్తారు, వాళ్ల దగ్గర స్లిప్పులు ఉన్నాయి కాబట్టి సరిచేశారు. స్లిప్ పారేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అన్న ఆలోచనతో రాత్రి నిద్ర పట్టలేదు. ఏ తేదీల్లో ఏ టైమ్‌కి తెగిందో మొత్తం రాసుకున్నాను, ఆ టైముల్లో కేంద్రాల మెషిన్లలో ఉన్న లెక్కతో సరిపోల్చమని పొద్దునే పంపిస్తాను.

డబ్బుకి సంబంధించినది పబ్‌సబ్‌లో ఉండకూడదని అర్థమైంది. దీనికి కాఫ్కా (ఇంకో మెసేజ్ బ్రోకర్) పెడదామా? కాఫ్కాలో సబ్‌స్క్రైబర్లు ఎంతమంది ఉన్నా పబ్లిషర్‌కి తేడా ఉండదంటారు, నిజమేనా?

---

రేణిగుంట_జంక్షన్

చాలావరకు నిజం, పూర్తిగా కాదు. లింక్డ్ఇన్‌లో పుట్టి 2011లో బయటికొచ్చిన ఆ సిస్టమ్ పద్ధతే వేరు. బ్రోకర్ ఎవరికీ కాపీ తీసి పెట్టదు, మెసేజ్‌లను వరసగా ఒక లాగ్‌లో రాసి ఊరుకుంటుంది, కావాల్సినవాళ్లు వచ్చి తాము ఎక్కడిదాకా చదివామో అక్కడి నుంచి తీసుకుపోతారు. వెనకబడ్డవాడు వెనకబడే ఉంటాడు, లాగ్ మామూలుగా 7 రోజులు ఉంటుంది కాబట్టి ఆ లోపల ఎప్పుడైనా వచ్చి అందుకోవచ్చు. కొత్త సబ్‌స్క్రైబర్ వస్తే రాసే పని ఒక్క మైక్రోసెకన్ కూడా పెరగదు.

కానీ చదివే పని ఎక్కడికీ పోదు. మూడు చోట్ల తగులుతుంది. లైను మొదటిది. పది గ్రూపులు (ఒక్కో సబ్‌స్క్రైబర్ సర్వీసు ఒక గ్రూపు అనుకోండి) చదివితే లోపలికి వచ్చినదానికి పది రెట్లు బయటికి పోతుంది, రెప్లికాలకి (వేరే సర్వర్లలో ఉంచే నకళ్లు) పోయేది దాని మీద అదనం. లైను నిండితే రెప్లికాలు వెనకబడతాయి, అక్స్ ఆల్ (రెప్లికాలు కూడా అందుకున్నాకే జవాబు ఇవ్వు అనే సెట్టింగ్) పెట్టిన పబ్లిషర్ ఆ రెప్లికాల కోసం ఆగుతాడు. అలా చుట్టు తిరిగి పబ్లిషర్‌కే తగులుతుంది. రెండోది పేజ్ క్యాష్, అంటే డిస్క్ డేటాని ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో ఉంచుకునే చోటు. అందరూ తాజా మెసేజ్‌లే చదువుతుంటే అవి మెమరీలోనే ఉంటాయి, డిస్క్ ముట్టుకోరు, బ్రోకర్ వాటిని కాపీ కూడా చేయకుండా నేరుగా సాకెట్‌లోకి పంపేస్తుంది. ఎవరో ఒకరు వారం కిందటి డేటా మొదటి నుంచి చదవడం మొదలుపెడితే డిస్క్ మీద పడుతుంది, ఆ పాత పేజీలు వచ్చి తాజా పేజీలను క్యాష్‌లోంచి తోసేస్తాయి, అప్పుడు బుద్ధిగా చదువుతున్నవాళ్లు కూడా డిస్క్‌కి పోవాల్సి వస్తుంది. పాత రిపోర్టు తీసే పని పొద్దున ఏడింటికి పెట్టకండి, పెట్టాల్సి వస్తే ఆ క్లయింట్‌కి సెకనుకి ఇన్ని బైట్లే అని కోటా పెట్టొచ్చు. మూడోది టీఎల్‌ఎస్, అంటే కనెక్షన్‌లో పోయేదాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి. ఆన్ చేస్తే ఆ నేరుగా పంపే దారి మూసుకుపోతుంది, ప్రతి సబ్‌స్క్రైబర్‌కీ ఎన్‌క్రిప్ట్ చేసే ఖర్చు సీపీయూ మీద పడుతుంది.

చాలామంది కలిపేసుకునే ఇంకో సంగతి. ఒకే గ్రూపులో పది మందిని పెడితే పది కాపీలు పోవు, పార్టిషన్లను (లాగ్‌ని విడగొట్టిన ముక్కలు) పంచుకుంటారు, పని పలచబడుతుంది. పది వేర్వేరు గ్రూపులు పెడితేనే పది కాపీలు. సబ్‌స్క్రైబర్లు పెరిగారు అన్నప్పుడు ఏ రకంగా పెరిగారో చూడకుండా ఏ లెక్కా కుదరదు.

అయినా నలుగురు ఉన్న ఆఫీసులో ఇప్పుడు కాఫ్కా క్లస్టర్ పెట్టుకోమని నేను చెప్పను. కాటా సంగతి సరిచేస్తే మీ మెసేజ్‌లు సెకనుకి కొన్ని వందలు. రెడిస్‌లోనే 2018లో 5వ వెర్షన్‌తో స్ట్రీమ్స్ వచ్చాయి, లాగ్ పద్ధతే, గ్రూపులు, అక్‌లు ఉంటాయి. డబ్బు లెక్క దాంట్లో పెట్టండి, డ్యాష్‌బోర్డు పబ్‌సబ్‌లోనే ఉండనివ్వండి. ఒక్కటే జాగ్రత్త, స్ట్రీమ్ మెమరీలో ఉంటుంది కాబట్టి పొడవుకి హద్దు పెట్టాలి, డిస్క్‌కి రాసే సెట్టింగ్ ఆన్ చేయాలి, లేకపోతే సర్వర్ పడిపోయినప్పుడు మళ్లీ మొదటికి వస్తుంది.

రెడిస్ క్లస్టర్ (నోడ్లు అనే చాలా సర్వర్లు కలిపి) వేస్తే పబ్లిష్ కూడా పంచుకుపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మామూలు పబ్‌సబ్ మెసేజ్ క్లస్టర్‌లో అన్ని నోడ్లకీ పోతుంది, నోడ్లు పెంచితే ఆ ట్రాఫిక్ ఇంకా పెరుగుతుంది. 2022లో 7వ వెర్షన్‌లో వచ్చిన షార్డెడ్ పబ్‌సబ్ వాడితేనే ఛానెల్ తన షార్డ్‌లోనే (క్లస్టర్‌లో ఒక భాగం) ఉంటుంది.

---

అలిపిరి_రోబో

నేను ఇక్కడ కాలేజీ ల్యాబ్‌లో రోబోల మీద పనిచేస్తాను, మాకు బ్రోకరే ఉండదు. డీడీఎస్‌లో (రోబోల్లో వాడే మెసేజ్ పద్ధతి) పబ్లిషర్ నేరుగా ప్రతి సబ్‌స్క్రైబర్‌కీ పంపుతుంది. యూనికాస్ట్ (ఒక్కొక్కరికి విడిగా) అయితే కాపీలు తీసేది రోబో మీదున్న చిన్న బోర్డే, మల్టీకాస్ట్ (అందరికీ కలిపి) అయితే ఒక్కసారి పంపితే చాలు, కానీ వైఫైలో మల్టీకాస్ట్ చాలా తక్కువ స్పీడులో పోతుంది, కెమెరా బొమ్మలకి పనికిరాదు.

మాకు తగిలిన దెబ్బ కూడా నెమ్మది సబ్‌స్క్రైబర్‌దే. రిలయబుల్ (అందేదాకా మళ్లీ పంపు) అని, అన్నీ దాచు అని పెట్టాం. కారిడార్ చివర ఎవరో ల్యాప్‌టాప్ తెరిచి కెమెరా టాపిక్ చూడటం మొదలుపెడితే రోబో పక్కనే ఉన్న కంప్యూటర్‌కి కూడా బొమ్మలు ఆగిఆగి వచ్చేవి. ఆ ల్యాప్‌టాప్ నుంచి అక్ వచ్చేదాకా పబ్లిషర్ పాతవి పారేయలేదు, హిస్టరీ నిండాక రాసే ఫంక్షనే ఆగుతుంది, స్టాండర్డ్‌లో ఆ ఆగే టైమ్ మామూలుగా 100 మిల్లీసెకన్లు. సెకనుకి 30 బొమ్మలు పంపేచోట ఒక్కసారి 100 మిల్లీసెకన్లు ఆగితే మూడు బొమ్మలు పోయినట్టే. కెమెరాకి బెస్ట్ ఎఫర్ట్ (అందకపోతే వదిలేయ్) పెట్టి, ఆగు అనే కమాండ్‌కి మాత్రమే రిలయబుల్ ఉంచాం. అందరికీ ఒకే గ్యారంటీ ఇవ్వాలనుకోవడం దగ్గరే తప్పు జరిగింది.

---

పాలక్యాన్_తిరుపతి

పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. అందరికీ చాలా థ్యాంక్స్.

వెబ్ ప్రాసెస్‌కి ఒక్క సబ్‌స్క్రిప్షన్ చేశాను. మాకు రెండే ప్రాసెస్‌లు, మొత్తం 7. లోడ్ టెస్ట్‌లో సెకనుకి 27,400 వచ్చింది. అక్క సూత్రం ప్రకారం 27 వేల పైన రావాలి, వచ్చింది. ఆ అంకె చూడగానే ఆఫీసులో అందరినీ పిలిచి చూపించాను. పైప్‌లైన్ ఇంకా పెట్టలేదు, అవసరం కనిపించలేదు.

కాటా దగ్గర బరువు నిలబడ్డాకే పంపేలా మార్చడానికి ఎక్కువ టైమ్ పట్టింది, ఎందుకంటే 600 కేంద్రాల్లో కాటాలు మూడు రకాలు, ఒక రకానికి నిలబడింది అన్న గుర్తే రాదు, వరసగా ఐదు సార్లు ఒకే అంకె వస్తే నిలబడినట్టు అని మేమే రాసుకున్నాం. ఇప్పుడు పీక్‌లో లోడ్ సెకనుకి 700 దాటడం లేదు.

డబ్బు లెక్క స్ట్రీమ్‌లోకి మార్చాను. డేటాబేస్ సర్వీసు ఒకరోజు కావాలని పది నిమిషాలు ఆపి చూశాను, మళ్లీ మొదలవగానే ఆగిన చోట నుంచి అందుకుంది, ఒక్కటి కూడా పోలేదు. స్లిప్ ఇప్పుడు స్ట్రీమ్‌లో చేరిన వెంటనే వస్తుంది, పబ్లిష్ ఆ తర్వాత వేరుగా జరుగుతుంది.

పాత తేదీల లెక్కలు సరిపోల్చడం నిన్నటితో అయిపోయింది. స్లిప్ లేకపోవడం వల్ల అడగలేకపోయినవాళ్లు తొమ్మిది మంది తేలారు, వచ్చే బిల్లులో కలుపుతున్నారు.

ఇవాళ పొద్దున అదే కేంద్రానికి మళ్లీ వెళ్లాను. స్లిప్ క్యాన్ దించేలోపే వస్తోంది. ఒక్క డౌట్ మిగిలింది: కూలర్ అలారం ఇంకా పబ్‌సబ్‌లోనే ఉంది. పాలు 4 డిగ్రీలు దాటి వేడెక్కుతున్నాయన్న మెసేజ్ పోతే ట్యాంకర్ మొత్తం పాడవుతుంది, కానీ పది నిమిషాల పాత అలారం వచ్చినా ఉపయోగం లేదు. దీన్ని స్ట్రీమ్‌లో పెట్టాలా, లేక కూలరే నిమిషానికోసారి ఇప్పుడున్న టెంపరేచర్ పంపుతూ ఉంటే, రాకపోవడాన్నే అలారంగా తీసుకోవాలా?

---

కాటా_చిత్తూరు

రెండోది చేయండి తమ్ముడూ. ఒక నిమిషం పోయినా తర్వాతి నిమిషంలో నిజం తెలుస్తుంది, రెండు నిమిషాలు వరసగా రాకపోతే ఆ కేంద్రానికి ఫోన్ పోవాలి. కరెంటు పోయిన కూలర్ ఎలాగూ అలారం పంపలేదు కదా.